వేడిని బయటికి మోసే పెట్టె



పెళ్లి కుదిరిన ఇంట్లో సారె సామాను మాట రాగానే మంచం, బీరువా, టీవీ, మిక్సీల వరసలో ఫ్రిజ్ కూడా వచ్చి చేరి చాలా ఏళ్లయింది. మా అనకాపల్లి జిల్లా కె.కోటపాడు చుట్టుపక్కల ఊళ్లలోనూ అంతే. అమ్మాయి తరఫు పెద్దలు చోడవరమో అనకాపల్లో వెళ్తారు. షాపులో వరసగా నిలబెట్టిన వాటిలో తలుపు మీద పువ్వులు బాగున్నదాన్ని, పదిమందిలో ఘనంగా కనిపించేదాన్ని ఎంచి వ్యానెక్కిస్తారు. అది చేరబోయే ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వంటగది ఎంత, పాడి ఉందా, కరెంటు ఎలా వస్తుంది అని అడిగేవాళ్లు అరుదు. పదేళ్లు, పదిహేనేళ్లు రాత్రింబవళ్లు పనిచేసే యంత్రం అది. కొనేముందు ఒక్క పూట దాని గురించి ఆలోచిస్తే తర్వాత ఎన్నో ఖర్చులు తప్పుతాయి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా ఈ మాటలు పనికొస్తాయని నా నమ్మకం.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలున్న వేడిని తీసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. మన మట్టికుండ చేసేదీ దాదాపు ఇదే పని. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఫ్రిజ్‌లో నీటి బదులు గ్యాసు ఉంటుంది. లోపలి గొట్టాల్లో అది ఆవిరవుతూ పాల గిన్నెలోని వేడినీ, కూరలోని వేడినీ పీల్చుకుంటుంది. కింద వెనకవైపు ఉండే కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టాల్లోకి పంపుతుంది. అక్కడ ఆ వేడిని గదిలోకి వదిలేసి, మళ్లీ ద్రవమై, మళ్లీ లోపలికి వెళ్తుంది. కుండలో ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఫ్రిజ్‌లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఫ్రిజ్‌ను ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి, ఎప్పుడు మెకానిక్‌ను పిలవాలి అన్నవన్నీ ఈ ఒక్క విషయం నుంచే తేలతాయి.

మీ ఫ్రిజ్ ఏమిటో మీకు తెలియాలి. కూరగాయల డబ్బా బయటికి లాగి పక్కగోడ మీద చూడండి. అక్కడ లేకపోతే వెనక కంప్రెసర్ దగ్గర చూడండి. అరచేయంత చీటీ ఒకటి అతికించి ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ఎన్ని లీటర్లు, ఎన్ని వోల్టులు, లోపల ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఈ రోజే ఫోనుతో దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. తలుపు రబ్బరు కావాలన్నా, అర విరిగిందన్నా, కంపెనీకి ఫోన్ చేసినా మొదట అడిగేది ఆ మోడల్ నంబరే. పాత ఫ్రిజ్‌ల మీద ఆ చీటీ అక్షరాలు చెమ్మకి చెరిగిపోతాయి, చెరిగాక వెతుక్కుని లాభం లేదు.

ఆ చీటీ మీద ఇంకో చిన్న అక్షరం కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎన్ అని ఉంటే బయట 32 డిగ్రీల వేడి వరకు పనిచేయడానికి తయారైన యంత్రం. ఎస్‌టీ అంటే 38 వరకు. టీ అంటే 43 డిగ్రీల వరకు. మే నెలలో వడగాడ్పు కొట్టే రోజున, పొయ్యి వెలుగుతున్న రేకుల వంటగదిలో ఎంత వేడి ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. మనకు కావాల్సింది టీ అక్షరం.

గ్యాసు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మన దేశంలో 1958లో గోద్రెజ్ కంపెనీ ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. ఆనాటి నుంచి చాలాకాలం ఫ్రిజ్‌లలో వాడింది ఆర్-12 అనే గ్యాసు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తోందని తేలాక 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం కూడా 2010 నాటికి ఆ జాతి గ్యాసులను ఆపేసింది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను చెరపదు గానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 1,400 రెట్లకు పైగా బలం దానిది. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వస్తున్నది ఆర్-600ఎ. అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. కొద్ది గ్రాములే ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, భూమికి చేసే హాని దాదాపు లేదు. కాకపోతే మండుతుంది.

అందుకని మెకానిక్ వచ్చినప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడగాలి. "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి" అంటే, "ఎక్కడ కారింది బాబూ?" అని అడగండి. ఫ్రిజ్‌లో గ్యాసు స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడింది. చిల్లి మూయకుండా గ్యాసు నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. రెండో ప్రశ్న, "ఏ గ్యాసు నింపుతున్నావు, తూకం వేసే నింపుతున్నావా?" అని. చీటీ మీద రాసిన గ్యాసే, రాసిన గ్రాములే ఎక్కాలి. ఆర్-600ఎ ఉన్న ఫ్రిజ్‌ను కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని విప్పాలి. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, తూకం కాటా తీసి చూపిస్తాడు.

ఇక ఎంత ఫ్రిజ్ కొనాలి అన్నది. ఇద్దరు, ముగ్గురు ఉన్న ఇంటికి 180 నుంచి 200 లీటర్లు చాలు. నలుగురైదుగురైతే 250 నుంచి 300. ఇది ఎక్కడైనా చెప్పే మాట. కానీ మన ఊళ్లలో ఇంట్లోవాళ్ల తలలు లెక్కపెడితే సరిపోదు, ఇల్లు నడిచే తీరు చూడాలి. పాడి ఉన్న ఇంట్లో ఉదయం, సాయంత్రం పాలు కేంద్రానికి పోస్తారు, ఇంటి వాడకానికి లీటరో రెండో ఉంచుకుంటారు. కూరలు పెరట్లోనో పొలం గట్టునో ఏ రోజుకారోజు కోసుకొస్తారు. ఆవకాయ, మాగాయ జాడీల్లోనే చక్కగా ఉంటాయి. ఆరుగురున్నా ఆ ఇంటికి 190 లీటర్ల సింగిల్ డోర్ సరిపోతుంది. అదే ఇద్దరూ ఉద్యోగస్తులై, ఒకరు అచ్యుతాపురం, ఒకరు పరవాడ షిఫ్టులకు పోయి, వారానికి సరిపడా కూరలు ఆదివారం ఒక్కరోజే తెచ్చుకునే ఇల్లయితే, ముగ్గురే ఉన్నా 250 లీటర్లు కావాలి. కనుమకో, ఊళ్లో అమ్మవారి పండక్కో మాంసం ఎక్కువ వస్తుంది కదా అని ఏడాది పొడవునా పెద్ద ఫ్రిజ్ తిప్పడం మాత్రం దండగ. పావు వంతు కూడా నిండని పెట్టెకు నెలనెలా బిల్లు కట్టడమే అవుతుంది.

షాపులో చెప్పే లీటర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి పెట్టె మొత్తం కొలత, రెండోది నిజంగా సామాను పట్టే కొలత. మీరు అడగాల్సింది రెండోది. ఇంటి దగ్గర బయల్దేరేముందే వీధి గుమ్మం, వంటింటి గుమ్మం వెడల్పు టేపుతో కొలుచుకుని వెళ్లండి. ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చూడండి. గోడ అడ్డొచ్చి తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే కూరగాయల డబ్బా బయటికి రాదు.

డైరెక్ట్ కూల్, ఫ్రాస్ట్ ఫ్రీ అని రెండు జాతులు. సింగిల్ డోర్లు ఎక్కువగా డైరెక్ట్ కూల్. ఫ్యాను ఉండదు, కరెంటు తక్కువ, బాగుచేయడం తేలిక, కానీ ఫ్రీజర్‌లో మంచు పేరుకుంటుంది. డబుల్ డోర్లు ఫ్రాస్ట్ ఫ్రీ. లోపల ఫ్యాను గాలిని తిప్పుతుంది, చిన్న హీటరు మంచును తనంతట తానే కరిగిస్తుంది. సౌకర్యమే గానీ విడిభాగాలు ఎక్కువ, మూతలేని ఆకుకూరలు తొందరగా ఎండిపోతాయి. పల్లెటూరి మామూలు ఇంటికి మంచి డైరెక్ట్ కూల్ చాలని నా అభిప్రాయం.

తలుపు మీద నక్షత్రాల చీటీ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారిది. 2006లో ఈ పద్ధతి మొదలైంది, 2010 నుంచి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరి చేశారు. నక్షత్రాలకంటే కింద రాసిన ఏడాది యూనిట్ల అంకె ముఖ్యం. 180 అని ఉంటే నెలకు 15 యూనిట్లు. అది ప్రయోగశాలలో వచ్చిన లెక్క. మన ఎండలకు, మనం తలుపు తీసే తీరుకు కొంత పెరుగుతుంది. ఆ చీటీ ఏ సంవత్సరానిదో కూడా చూడాలి. కొలబద్దను కొన్నేళ్లకోసారి బిగిస్తుంటారు, నాటి ఐదు నక్షత్రాలు నేడు మూడో నాలుగో కావచ్చు. పాత స్టాకును కొత్త నక్షత్రాల లెక్కలో కొనకండి.

ఇంటికొచ్చిన ఫ్రిజ్‌ను వ్యానులో పడుకోబెట్టి తెచ్చి ఉంటే వెంటనే ప్లగ్గు పెట్టొద్దు. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది. నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయండి. వేడిని బయటికి మోసే పెట్టె అని చెప్పుకున్నాం కదా, ఆ వేడి పోవడానికి దారి కావాలి. వెనక, పక్కల బెత్తెడు ఖాళీ వదలండి. కొత్త వాటికి వెనక నల్లటి జల్లెడ కనిపించదు, గొట్టాలు పక్క రేకుల్లోనే ఉంటాయి. అందుకే పక్కలు వెచ్చగా తగులుతాయి, అది జబ్బు కాదు. ఆ పక్కలకే ఆనించి బియ్యం బస్తాలు పేర్చితే మాత్రం జబ్బు తెచ్చిపెట్టినట్టే. పొయ్యి పక్కన, పడమటి ఎండ కిటికీలోంచి పడేచోట పెట్టొద్దు. వెనక జల్లెడ ఉన్న పాత ఫ్రిజ్ అయితే ఆర్నెల్లకోసారి ప్లగ్గు తీసి మెత్తని బ్రష్షుతో బూజు, దుమ్ము దులపండి.

కరెంటు గురించి రెండు మాటలు. బోర్ల మోటార్లు తిరిగే వేళ, లైను చివరి ఇళ్లలో బల్బు ఎర్రబడటం మనకు తెలిసిందే. ఆ తక్కువ వోల్టేజిలో కంప్రెసర్ లేవలేక మూలిగి వైండింగ్ కాలిపోతుంది. స్టెబిలైజర్ లేకుండా నడుస్తుందని కంపెనీ చెబితే, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని పుస్తకంలో చూడండి. మీ ఇంట్లో వోల్టేజి అంతకంటే కిందికి పోతుంటే స్టెబిలైజర్ పెట్టక తప్పదు. తడికాలితో తలుపు పట్టుకుంటే సన్నగా జిల్లుమన్నదా, వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తింగు పోయిందన్నమాట. వేసవిలో ఎర్తు గొయ్యి ఎండిపోతుంది, అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయాలి.

ఇప్పుడు అసలు చల్లదనం ఎంత ఉండాలి? కింద అరల్లో 5 డిగ్రీలు దాటకూడదు. ఫ్రీజర్‌లో సున్నాకు 18 డిగ్రీలు కింద. 5కీ 60కీ మధ్యనే ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. లోపలున్న మీటమీద 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి చూశారా, అవి డిగ్రీలు కావు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుందంతే. నిజంగా ఎంతుందో తెలియాలంటే ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గర మొదలవుతాయి. గ్లాసు నీళ్లలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున్నే పాలకోసం తలుపు తీసినప్పుడు చూడండి. 5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే మంచిదే. 8, 9 ఉంటే ఆ ఫ్రిజ్ పాలను కాపాడుతున్నట్టు కనిపిస్తుందే గానీ కాపాడటం లేదు.

ఇది ఎలా చూసుకోవాలో నేర్చుకోవాలంటే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలే మంచి పాఠం. పిల్లల టీకాలు ఉంచే ఫ్రిజ్‌కు తలుపు పైకి తెరుచుకుంటుంది. చల్లగాలి బరువైనది, పైమూత ఎత్తితే కిందనే ఉండిపోతుంది, బయటికి దొర్లిపోదు. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సిబ్బంది రోజుకు రెండుసార్లు థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తారు. మన ఇంట్లో అంత అక్కర్లేదు గానీ, ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లున్న ఇంట్లో మాత్రం ఇంచుమించు అంత శ్రద్ధ కావాలి. తెరవని ఇన్సులిన్ సీసాకూ అదే 2 నుంచి 8 డిగ్రీలు. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఫ్రీజర్ కిందనే ఉండే చిల్లర్ ట్రేలోనూ పెట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది కానీ పనిచేయదు, పారేయాల్సిందే. తలుపు అరలోనూ వద్దు, తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. మధ్య అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టి, పిల్లలకు కూడా అది తాతయ్య మందని చెప్పి ఉంచండి.

పాలు కూడా తలుపులో కాదు, మధ్య అరలో వెనకవైపు. పచ్చిమాంసం, చేపలు అడుగు అరలో, మూత పెట్టి. వాటి నీరు వండిన కూరలోకి కారకూడదు. అన్నం, కూర మిగిలితే ఆవిరి పోయేదాకా ఆగి, వెడల్పు గిన్నెలోకి మార్చి, వండిన రెండు గంటల్లోపు లోపల పెట్టండి. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే ఆ వేడినంతా మోయలేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. పొద్దున వండినదాన్ని సాయంత్రం దాకా బయట ఉంచి, "ఫ్రిజ్‌లో పెట్టేశాను కదా" అనుకుంటే అప్పటికే జరగాల్సింది జరిగిపోతుంది. ఉల్లి, బంగాళాదుంప, అరటిపండు బయటే బాగుంటాయి. మాడుగుల హల్వా కూడా అంతే. అందులోని నెయ్యి గడ్డకట్టి రాయైపోతుంది, ఎందుకు పెట్టాలి దాన్ని ఫ్రిజ్‌లో?

డైరెక్ట్ కూల్ వాళ్లు ఇది బాగా వినండి. మన గాలిలో సముద్రపు చెమ్మ ఉంది, మంచు త్వరగా పేరుకుంటుంది. పావు అంగుళం మందం కాగానే మీట మధ్యనున్న డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, సామాను తీసి, రాత్రి వదిలేయండి. మంచు గొట్టాల మీద దుప్పటిలా కూర్చుంటే అవి వేడిని పీల్చుకోలేవు, కరెంటు మాత్రం కాలుతుంది. తొందరపడి కత్తితో, అట్లకాడతో, స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు. ఆ మంచు కిందనున్నది పలచని అల్యూమినియం. మొన తగిలిన చోట సూది బెజ్జమంత చిల్లి పడి "స్‌స్‌" మని శబ్దం వస్తుంది. అర నిమిషంలో ఆగిపోతుంది. ఆ శబ్దంతోటే గ్యాసంతా పోయినట్టు. అప్పుడు పొయ్యి వెలిగించకండి, స్విచ్చులు ముట్టకండి, తలుపులు, కిటికీలు తెరవండి. అసలు మన ప్రాంతంలో సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు చచ్చిపోయే దారుల్లో ఈ కత్తి ఒకటి.

తలుపు రబ్బరును నెలకోసారి సబ్బునీళ్లతో తుడవండి. మడతల్లో నల్లబూజు, పచ్చడి మరకలు చేరితే తలుపు బిగుసుకోదు. ఓ కాగితం తలుపులో పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే సరే. నాలుగు పక్కలా ఇలా చూసి, జారిపోయే చోట గోరువెచ్చని నీళ్ల గుడ్డతో రబ్బరు సాగదీసి సర్దండి. అప్పటికీ జారితే రబ్బరు మార్చాలి. ఫొటో తీసిన మోడల్ నంబరు అక్కడ అక్కరకొస్తుంది.

వెనక కంప్రెసర్ మీద కరిగిన నీరు చేరే ట్రే ఒకటుంది. చాలా ఇళ్లలో అది ఉన్నట్టే తెలియదు. డెంగీ దోమకు కావాల్సింది అలాంటి నిలవ నీరే. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. ఆరోగ్య కార్యకర్తలు ఫ్రైడే డ్రైడే అని శుక్రవారం శుక్రవారం తొట్లు, కుండీలు ఒంపిస్తుంటారు కదా, ఈ ట్రేను కూడా అదే రోజు ఒంపి, గట్టిగా తోమి పెట్టండి. గుడ్లు అంచుకు అతుక్కుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ జిల్లా అంతటా స్తంభాలు పడిపోయి, పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీలో చాలామందికి గుర్తే. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం గానీ తుఫానుకు జిల్లాల హద్దు లేదు. హెచ్చరిక వినగానే ఫ్రిజ్ మీట ఎక్కువ చల్లదనానికి తిప్పండి. సీసాల్లో ముప్పావు దాకా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. కరెంటు పోయాక ప్లగ్గు తీసేసి, తలుపు తీయకుండా ఉంచితే కింద అరలు ఓ నాలుగు గంటలు చల్లగా ఉంటాయి. ఆలోపే పాలు కాచేయండి, మాంసం వండేయండి. అంతకుమించి ఆలస్యమైనవి రుచి చూసి పరీక్షించొద్దు. ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో కూర్చోబెట్టి, నీడలో గాలి ఆడేచోట ఉంచండి. పూర్తి చల్లదనం రాదు గానీ బయటి వేడి నుంచి కాపాడుతుంది. కరెంటు వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి, వోల్టేజి నిలకడయ్యేదాకా కొంతసేపు ఆగండి.

చివరగా పాత ఫ్రిజ్ సంగతి. పనిచేయని ఫ్రిజ్‌ను పశువుల పాకలోనో పెరటి వరండాలోనో పెట్టి విత్తనాలకు, పాతబట్టలకు బీరువాగా వాడే ఇళ్లు మనలో ఉన్నాయి. పాత ఇనుము వాళ్లకు అమ్మితే వాళ్లు గొట్టాలు నరికి గ్యాసు గాలిలోకి వదిలేస్తారు. కొత్తది కొన్న షాపువాళ్లనే తీసుకెళ్లమని అడగండి, మార్పిడి కింద కొంత తగ్గిస్తారు కూడా. ఉంచుకోవాల్సి వస్తే ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. దాగుడుమూతల్లో చిన్నపిల్లలు అందులోకి దూరితే, ముఖ్యంగా గొళ్లెం పడే పాతరకం తలుపైతే, లోపలినుంచి తీయలేరు, అరిచినా బయటికి వినపడదు. స్క్రూలు విప్పి తలుపు పూర్తిగా ఊడదీయండి. లోపలి అరలు మాత్రం అలాగే ఉంచండి, పిల్లలు లోపల కూర్చునే వీలు లేకుండా. ఆ తర్వాతే దాన్ని పెరట్లోకి చేర్చండి.